పుట్టీ కింద గీత

కెమ్నిట్జ్,
మార్చి 3

బావా,

ఉత్తరం చూసి నవ్వుతావని తెలుసు. నవ్వు. నీ నంబర్ మాత్రం బ్లాక్‌లోనే ఉంటుంది. వీసా ఆఫీసర్‌లా గొంతు మార్చి, "హెర్ సృజన్, మీ పాస్‌పోర్ట్‌లో ఉన్న ఫొటో మీది కాదు, మీ బావది" అని బట్టీపట్టిన జర్మన్‌లో చెప్పావే, అప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను. సగం రోజు సెలవు పెట్టి, కొత్త ఫొటోలు దిగి, ఆ ఆఫీసు ముందు వానలో నిలబడ్డాను. కౌంటర్‌లో ఆవిడ పాస్‌పోర్ట్ చూసి, నన్ను చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

అక్క మన మధ్య మాటలు మోయనంటోంది. "హాస్పిటల్‌లో ముప్ఫై మంది పేషెంట్లను చూసి వస్తున్నాను, మీ ఇద్దరినీ కూడా నేనే చూడాలా" అంది. అందుకే ఈ కాగితం.

పని ఉండే రాస్తున్నాను. కారు అమ్మేస్తున్నాను. ఇంజన్ బాగుంది, ఇన్‌స్పెక్షన్ కొత్తగా అయింది. చక్రాలే చూడలేం. నాలుగు అల్లాయ్ చక్రాల అంచులూ రోడ్డు పక్క రాళ్ళకి గీసుకుపోయాయి. రెండు నేను, రెండు మా ఆవిడ స్నిగ్ధ. స్నిగ్ధనడిగితే నాలుగూ నేనే అంటుంది. ఇక్కడి షాపువాళ్ళు నెల తర్వాత రమ్మన్నారు. వోల్ఫ్స్‌బర్గ్‌లో నువ్వు రోజూ చేసే పనే కదా. నేనే చేసుకుంటాను, ఎలాగో రాసి పంపు. వీడియోలు చూశాను, ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతున్నాడు.

జోకులు తగ్గించి రాయి.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
మార్చి 8

బామ్మర్ది దొరవారికి,

ఏడో తరగతి సగంల బడి ఇడిసిన లింగమూర్తి దండం పెట్టి రాసుడు ఏందంటే, మేమంత మంచిగున్నం. మీ యక్క నీ ఉత్తరం నాకంటే ముందు చదివింది. మంచినీళ్ళ ముచ్చట కాడ నవ్వింది. నేను చూస్తున్ననని మళ్ళ మొకం ముడుచుకున్నది. నవ్విందని నీకు చెప్పొద్దన్నది. చెప్తలేను, రాస్తున్న. మా బిడ్డ రిషితకు ఈ ముచ్చట చెప్తే జర్మన్‌ల నన్నేదో అన్నది. మర్యాద మాట అయితే తెలుగుల అంటుండె.

పెద్ద చదువు చదివినోడు నన్ను పని నేర్పుమన్నడు. నీ కాగితం ఫ్రేము కట్టించి మా షెడ్డుల పెట్టుకుంట. ఇగ ఇను.

ముందుగాల కడుగు. నువ్వు గిన్నెలు కడిగినట్లు కాదు. పెండ్లిచూపులకు పోయేటోడు మొకం కడిగినట్లు కడుగు. బ్రేకు దుమ్ము నల్లగ జిడ్డు లెక్క అంటుకొని ఉంటది, సబ్బు నీళ్ళకు పోదు. థిన్నర్ గుడ్డతోటి తుడువు, గుడ్డ తెల్లగ వచ్చేదాక తుడువు. జిడ్డు మీద పుట్టీ పెట్టినవనుకో, అది కొత్త అల్లునికి అత్తగారింట్ల చేసే మర్యాద లెక్క, పైపైనే ఉంటది, గోరు పెడితే ఊడొస్తది.

టైరుకు రిమ్ముకు నడుమ చుట్టూత పేకముక్కలు గుచ్చు. టైరు మీద రంగు పడదు. పేకముక్కలు లేకుంటే నీ విజిటింగ్ కార్డులు గుచ్చు. నీ పేరు మీద ప్రైమర్ పడితే నా పానం సల్లబడుతది.

మళ్ళ ఎమ్రీ పేపర్. మొదలు గరుకుది, ఎనబై నంబర్. గీతల అంచులు లేసి ఉంటయి గద, అవి అణగాలె. తర్వాత రెండు వందల నలబై. ఆఖరుకు నాలుగు వందల వాటర్ పేపర్, నీళ్ళు పోసుకుంట. ఇప్పుడు కండ్లు మూసుకొని వేలు తిప్పు. కన్ను మోసపోతది, వేలు మోసపోదు. వేలికి గుంత తాకినకాడ పుట్టీ పెట్టాలె. గట్టిపడే మందు పెసరగింజంతనే కలుపు. ఎక్కువ కలిపినవంటే నువ్వు ఫోనెత్తి హలో అనేలోపట గిన్నెల్నే రాయి అయితది. పల్చగ పెట్టు, ఆరనియ్యి, రుద్దు, మళ్ళ పల్చగ పెట్టు. నీకు తొందరెక్కువ, ఒక్కపారే ముద్ద పెడుతవ్, నాకెర్కే.

మా మాస్టర్ క్రూగర్ షెడ్డు గోడ మీద ఒక మాట రాసిపెట్టిండు: అంచు మీద, ఒక మిల్లీమీటర్ లోతు దాక. అంతకంటే లోతున్నది మేం ముట్టం. నువ్వు గూడ ముట్టకు.

పుట్టీ అయినంక మూడు పూతలు ప్రైమర్. రంగు సంగతి మళ్ళ రాస్త. రంగు ఎవడైన కొడుతడు. కింద పని చేసేటోడే పనోడు.

పుట్టీ డబ్బ, పేపర్లు ఈ పార్సిల్‌ల పెట్టిన. నల్లకారం పొడి మీ యక్కది. రెండిట్ల ఏది దేంట్లకో చూసుకొని వాడు.

లింగమూర్తి

*

కెమ్నిట్జ్,
మార్చి 24

బావా,

నిజంగా బాగా వచ్చింది. మూడు చక్రాలు పూర్తయ్యాయి. స్నిగ్ధ ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది. కళ్ళు మూసుకొని వేలు తిప్పమన్నావు చూడు, అది ఏ వీడియోలోనూ లేదు. కింద గ్యారేజ్‌లో కళ్ళు మూసుకొని చక్రాన్ని నిమురుతుంటే పక్కింటి ముసలాయన "అంతా క్షేమమేనా" అని అడిగి వెళ్ళాడు.

నాలుగోదే ఏడిపిస్తోంది. ముందు కుడివైపుది. జనవరిలో మంచులో జారి రాతి అంచుకి గట్టిగా కొట్టాను, అది. మొదట మిగతావాటిలాగే ఉంది. పుట్టీ పెట్టాను, రుద్దాను, ప్రైమర్ కొట్టాను. తెల్లారేసరికి అదే చోట వెంట్రుకంత గీత. మళ్ళీ పుట్టీ పెట్టాను. మళ్ళీ గీత. మూడుసార్లయింది. వెనకవైపు కూడా అక్కడే సన్నగా ఏదో కనిపిస్తోంది, మురికేమో.

గట్టిపడే మందు ఎక్కువ కలుపుతున్నానా? ఏ నంబర్ పేపర్ వాడాలి? త్వరగా రాయి. ఏప్రిల్‌లో అందరూ వేసవి టైర్లు వేసుకునే టైమ్, అప్పుడే అమ్మాలి.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
మార్చి 28

బామ్మర్దీ,

అది పుట్టీ తప్పు కాదు, పేపర్ తప్పు కాదు, ఈ ఒక్కపారికి నీ తప్పు గూడ కాదు. పుట్టీ మళ్ళమళ్ళ అదేకాడ పలుగుతుందంటే కింద చక్రమే పలిగినట్లు. గీత పైకెల్లి రాదు, లోపలికెల్లి వస్తది. వెనక కనవడేది మురికి కాదు, దాని రెండో కొస.

నా మాట నమ్మకుంటే ఒక పని చెయ్యి. పుట్టీ అంత గీకెయ్యి. ఆడ దీపాల నూనె, అదే కిరోసిన్, రాయి, పావుగంట ఆగు. పొడిగుడ్డతోటి శుభ్రంగ తుడువు. మీద పిల్లల పౌడర్ చల్లు. ఉత్త గీత అయితే పౌడర్ తెల్లగ ఉంటది. పలిగితే లోపల దాగిన నూనె పైకొచ్చి పౌడర్ మీద గీత గీస్తది. గీత వచ్చిందంటే చక్రం పోయినట్లే. ఇగ దానికి పుట్టీ పెట్టుడు పీనుగకు పౌడర్ పుయ్యుడే.

తీసుకపోయి పాత సామాన్ల కాడ ఇచ్చెయ్యి. తద్దినం నేను పెడుత, వడలు నువ్వు తిను. ఎట్లయిన అమ్ముత అంటవా, కొనేటోనికి తాళంచెవితోటి పాటు ఒక పూలదండ గూడ ఇయ్యి, మళ్ళ వెతుక్కునే పని ఉండది వాళ్ళింటోళ్ళకు.

మీ యక్క నా భుజం మీదికెల్లి చదివి, "శుభమా అని కారు అమ్ముతుంటే ఇట్ల రాస్తరా" అని గరిటెతోటి కొట్టింది. గరిటె మంచిగనే ఉన్నది, పలగలే.

లింగమూర్తి

*

కెమ్నిట్జ్,
ఏప్రిల్ 14

బావా,

కారు అమ్ముడుపోయింది. శనివారం పొద్దున వచ్చారు, మధ్యాహ్నానికి కాగితాలు అయిపోయాయి. కొన్నాయన పేరు మసూద్, హైదరాబాద్ టోలీచౌకీ. ఫిబ్రవరిలో మా కంపెనీలోనే వేరే టీమ్‌లో చేరాడు. మంచి మనిషి. హైదరాబాద్‌లోలా నేరుగా మెట్రో లేదు కదా ఇక్కడ, ఆయన సైట్ గ్లౌఖావ్ వైపు, రోజూ ఆటోబాన్ మీద వెళ్ళాలి. భార్య జవేరియా. ఆవిడ షీర్ కుర్మా డబ్బాలో పెట్టి తెచ్చింది.

వాళ్ళు ముందు చూసింది చక్రాలే. "కొత్తవా భాయ్" అన్నాడు. కొత్తవి కావు, మా బావ వోల్ఫ్స్‌బర్గ్‌లో చక్రాల పనిలో ఉన్నాడు, ఇది ఆయన చెప్పిన పని అన్నాను. వెంటనే నమ్మకం కుదిరింది. నీ పేరు మీద అమ్ముడుపోయింది అనుకో.

కొత్త కారు మే నెలలో వస్తుంది. నల్లకారం అయిపోయిందని అక్కకి చెప్పు.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
ఏప్రిల్ 18

బామ్మర్దీ,

షీర్ కుర్మా గురించి నాలుగు ముక్కలు రాసినవ్. చక్రం గురించి ఒక్క ముక్క రాయలే.

పౌడర్ చల్లినవా? ముందు కుడివైపు ఇప్పుడు ఏ చక్రం ఉన్నది? అడిగిందానికి జవాబు రాయి, చాలు.

మీ యక్కకు నల్లకారం సంగతి చెప్పిన. దంచుతున్నది.

లింగమూర్తి

*

కెమ్నిట్జ్,
ఏప్రిల్ 29

బావా,

మార్చేశాను. ఆన్‌లైన్‌లో అలాంటిదే ఒకటి దొరికింది. ఇక ఆ విషయం వదిలెయ్. రిషిత పుట్టినరోజుకి రాలేము, ఆఫీసులో రిలీజ్ ఉంది. గిఫ్ట్ పోస్ట్‌లో వస్తుంది.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
మే 6

బామ్మర్దీ,

మార్చినవ్ అన్నవ్, సంతోషం. అదే డిజైను, అదే సైజు, అదే రంగు, అదీ ఒక్కటే. మా షెడ్డుకు పదిహేనేండ్ల నుంచి సామాన్లు తెచ్చే మనిషి గూడ ఒక్క చక్రం తెమ్మంటే తల గోక్కుంటడు. నీకు పదిరోజులల్ల దొరికింది. నిన్ను మా షెడ్డుల కొనుగోలు మీద పెట్టుకోవాలె.

ఇంకో మాట అడుగుదామనుకున్న. మీ యక్క వద్దన్నది. "వాడు మార్చిన అన్నడంటే మార్చినట్లే, నువ్వు ప్రతిదాన్ని కెలుకుతవ్" అన్నది. సరే, కెలుకుతలేను.

రిషితకు గిఫ్ట్ అందింది. "డాంకె ఓంకెల్" అన్నది. మామయ్య అనమని చెప్పిన. "అదే కద" అన్నది.

లింగమూర్తి

*

కెమ్నిట్జ్,
జూన్ 20

బావగారికి,

అందరూ బాగున్నారని తలుస్తాను. ఈ విషయం ఫోన్‌లోనూ మెసేజ్‌లోనూ రాయకూడదని ఉత్తరమే రాస్తున్నాను. అక్కకి మీరే నెమ్మదిగా చెప్పండి.

పోయిన సోమవారం పొద్దున గ్లౌఖావ్ దగ్గర మసూద్ కారు ఆటోబాన్ పక్క రెయిలింగ్‌కి కొట్టుకుంది. ముందు కుడి చక్రం అంచు విరిగి, గాలి ఒక్కసారిగా పోయిందట. ఆయన ఒక్కడే ఉన్నాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ఇక్కడి పెద్దాసుపత్రిలో రాడ్లు వేశారు. ప్రాణానికి ఏమీ లేదు.

నేను మార్చలేదు బావా. మారుద్దామనే అనుకున్నాను. పౌడర్ కూడా చల్లాను. గీత వచ్చింది. సన్నగా, ఉందా లేదా అన్నట్టు. ఒక్క చక్రం ఎంత వెతికినా దొరకలేదు. మసూద్ శనివారం వస్తానన్నాడు. ఇంకోసారి పుట్టీ పెట్టి రంగు కొట్టేశాను. వాళ్ళు కొన్నాళ్ళు నడిపాక ఎలాగూ కొత్తవి వేసుకుంటారు అనుకున్నాను.

ఇన్సూరెన్స్ నిపుణుడు పగులు లోపల పుట్టీ చూశాడు. ఈ పని ఎవరు చేశారని అడిగాడు. మా బావ ప్రొఫెషనల్, ఆయన చూసి మామూలు గీతే అన్నాడు అని చెప్పాను. ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు. మీ షెడ్డు పేరు కూడా ఇచ్చాను. మిమ్మల్ని అడిగితే ఆ ఒక్క మాట చెప్పండి. చూశాను, గీతే అనుకున్నాను అని. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.

నా పౌరసత్వం దరఖాస్తు జనవరి నుంచి నడుస్తోంది. నా పేరు మీద కేసు ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఏడేళ్ళ కష్టం. మీకైతే పోయేదేమీ లేదు, మీరు అక్క వీసా మీద ఉన్నారు.

చదివాక ఈ ఉత్తరం చింపేయండి.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
జూన్ 25

సృజన్‌గారికి,

గారు అని ఉంటే నా ఎనక ఎవరన్న నిలబడ్డరా అని తిరిగి చూసిన. పదకొండేండ్లల్ల మొదటిసారి పెట్టినవ్. కాలు విరిగింది ఆయనది, మర్యాద వచ్చింది నాకు.

నీ ఉత్తరం కంటే ముందు నీ నిపుణుని మెయిల్ వచ్చింది షెడ్డుకు. మాస్టర్ క్రూగర్ నన్ను ఆఫీసులకు పిలిచిండు, కూచోమన్నడు. ఆయన కూచోమన్నడంటే మంచి ముచ్చట కాదని మా షెడ్డుల అందరికెర్కే. ఫొటో చూపెట్టిండు. పగులు లోపల బూడిదరంగు పుట్టీ. నేను నీకు పంపిన డబ్బదే, రంగు గుర్తుపట్టిన. "ఇది నువ్వు చేసినవా" అన్నడు. లేదన్న. "చూసినవా" అన్నడు. కండ్లతోటి చూడలే, కాగితం మీద చూసి పారెయ్యమన్న అన్న. "ఆ కాగితం ఏది" అన్నడు. మా బామ్మర్ది కాడ ఉన్నదన్న. సంగతి తేలేదాక పుట్టీ బల్ల కాడికి పోకు, కడిగేకాడ ఉండు అన్నడు. పొద్దుగాల ఆరు నుంచి బ్రేకు దుమ్ము కడుగుతున్న. అక్కడ చేసే కొత్తోడు నాకు పైపు పట్టుడు నేర్పుతున్నడు.

నాకు పోయేదేం లేదన్నవ్. నాకు డిగ్రీ లేదు, జర్మన్ సక్కగ రాదు, ఇంటి కిరాయి కాగితం మీద గూడ మీ యక్క సంతకమే. నాదని ఈ దేశంల ఒక్కటే ఉండె. లింగమూర్తి చెయ్యి పడ్డ చక్రం మళ్ళ చూడక్కరలేదు అని మాస్టర్ అంటుండె. నువ్వు అడిగేది అదే.

నేను ఆ మాట చెప్ప. నువ్వే పోయి నిజం చెప్పు. పదిరోజులు చూస్త.

ఉత్తరం చింపలే.

లింగమూర్తి

*

కెమ్నిట్జ్,
జూలై 1

బావా,

నాకు నీతులు చెప్పే మనిషి నువ్వేనా? ఇక్కడికి రాకముందు నాచారం షెడ్డులో పగిలిన చక్రాలకి వెల్డింగ్ పెట్టి, పుట్టీ పూసి, వెండి రంగు కొట్టి పంపేవాడివి. అక్క పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో భోజనాల దగ్గర నువ్వే చెప్పి నవ్వించావు. "బండోనికి తళతళ కనవడాలె, లోపల ఏమున్నదో దేవునికెరుక" అన్నావు. మా నాన్న కూడా నవ్వాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నాననుకుంటున్నావు?

పాస్‌పోర్ట్ ఫొటో అని నువ్వు ఆడిన అబద్ధాన్ని నిజమని నమ్మాను. చక్రం పగిలిందని నువ్వు రాసిన నిజాన్ని జోకనుకున్నాను. తప్పు నాదేనా? తద్దినం, వడలు, పూలదండ. అలాంటి ఉత్తరం చూసి ఎవరైనా హెచ్చరిక అనుకుంటారా? మీ బావ పారెయ్యమన్నాడట కదా అని నిన్న ఆ నిపుణుడు మళ్ళీ పిలిచి అడిగితే అదే చెప్పాను. మా బావ ఎప్పుడూ పరాచికాలే ఆడతాడు, ఇదీ అలాంటిదే అనుకున్నాను అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమని ఎవడూ నిరూపించలేడు. నీ గురించి మన వాళ్ళలో ఎవరిని అడిగినా అవునంటారు.

నీ పదిరోజులు నాకు అక్కర్లేదు. అక్కని మధ్యలో పెట్టకు.

సృజన్

*

వోల్ఫ్స్‌బర్గ్,
జూలై 12

సృజన్,

నాచారం సంగతి నువ్వు రాసింది నిజమే. వెల్డింగ్ పెట్టిన, రంగు కొట్టిన, పంపిన. నవ్వుకుంట చెప్పిన. ఆ చక్రాలల్ల ఎన్ని విరిగినయో నాకు తెల్వది. విరిగినోళ్ళు ఎవరూ నాకు ఉత్తరం రాయలే.

జోకు అనుకున్న అని సంతకం పెట్టినవట. జోకు అనుకున్నోడు దీపాల నూనె కొనుక్కొచ్చి పావుగంట ఆగడు, పౌడర్ చల్లడు. జూన్ ఇరవైన నువ్వే రాసినవ్, గీత వచ్చిందని.

నీ ఉత్తరాలు మీ యక్క ముందట పెట్టిన. చదివింది. రెండు రోజులు డ్యూటీకి పోయింది, వచ్చింది, వండింది. మూడోనాడు, "కాలు విరిగినోళ్ళను నేను రోజు లేపి నడిపిస్తున్న" అన్నది. ఇంకేదన్న అంటదేమో అని చూసిన. "పో. పోయి వచ్చినంక వాని పేరు నా ముందట తియ్యకు" అన్నది. నిన్ను ఎత్తుకొని పెంచింది గద, తిట్టలే. తిడితే నాకు మంచిగుంటుండె.

శనివారం కెమ్నిట్జ్ వచ్చిన. లైప్‌జిగ్‌ల బండి మారిన. స్టేషన్ కాడ మీ ఇంటి దిక్కు పోయే ట్రామ్ ఉండె. ఎక్కలే. సీదా దవాఖానకు పోయిన.

మసూద్ నాకంటే చిన్నోడు, నీ ఈడోడే. కాలు మెత్త మీద పెట్టి ఉన్నది, మోకాలి కింద చర్మంలకెల్లి ఇనుప కడ్డీలు బయటికొచ్చినయి. నేను రోజు ఇనుము చూసేటోణ్ణి, చూడలేకపోయిన. జవేరియా కుర్చీల కూచొని కాగితాలు నింపుతున్నది. నేను ఎవరో చెప్పిన. వోల్ఫ్స్‌బర్గ్ బావను అన్న. ఆమె పెన్ను ఆపింది. ఆయన, "బైఠియే" అన్నడు. మళ్ళ తెలుగులనే, "కూచోండి. మీ పేరు చెప్పే ఇచ్చిండు కారు" అన్నడు.

ఉద్యోగం పోయిందట. చేరి ఆర్నెల్లు కాలే గద, ఇంక ట్రయల్‌లనే ఉన్నడు. కారణం చెప్పకుంట తీసెయ్యొచ్చట. దవాఖానకే పంపిన్రు కాగితం. నీకు తెలుసా? ఒక్క కంపెనీనే గద మీది. తెలిసే ఉంటది. రాయలే నువ్వు. మూడు నెలలల్ల ఇంకోటి దొరకకుంటే వీసా ఉండది. నువ్వు పౌరసత్వం ఆగుతది అని రాసినవ్ నాకు.

నీ ఉత్తరాలు బయటికి తీసిన. ఆయనకు తెలుగు మాట్లాడొస్తది, చదవరాదు. ఆమెకు అది గూడ రాదు. చదివి పెట్టమన్నడు. మార్చిది చదివిన, గీత మళ్ళమళ్ళ వస్తుందన్నది. ఏప్రిల్‌వి రెండు చదివిన. జూన్‌ది చదివిన. ఆయన ఆమెకు ఉర్దూల చెప్తున్నడు, ఒక్కో ముక్క. పౌడర్ కాడ ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "ఫిర్ సే పఢియే" అన్నది. మళ్ళ చదివిన. "షీర్ కుర్మా తిన్నంకనా, తినకముందా" అని అడిగించింది నన్ను. తినకముందే అని చెప్పిన. పౌడర్ చల్లింది మీరు కారు కొనకముందే గద.

మసూద్ అడిగిండు, "మీరేం రాసిన్రు ఆయనకు?"

నా ఉత్తరం నా కాడ లేదు. యాదికున్నది చెప్పిన. పలిగిందని రాసిన, పారెయ్యమని రాసిన అన్న. అక్కడ ఆపుదామనుకున్న. ఆయన నా మొకమే చూస్తున్నడు. పూలదండ గూడ చెప్పిన. ఎవరికి ఇయ్యమన్ననో ఆయన ముందటనే చెప్పిన. నా ముప్పై ఏండ్ల పరాచికాలల్ల ఎవరూ నవ్వనిది అదొక్కటే.

"ఆయన మార్చలే అని మీకు తెలుసు గద" అన్నడు మసూద్. "పనోళ్ళు మీరు."

"అనుమానం ఉండె" అన్న.

"నా పేరు తెలుసు. ఏ కంపెనీనో తెలుసు. కెమ్నిట్జ్ హైదరాబాదోళ్ళ గ్రూపుల అడిగితే ఒక్క పూటల నా నంబర్ దొరుకుతుండె. ఎందుకు అడగలే భాయ్?"

మే ఆరు నుంచి జూన్ దాక నాకు టైమ్ ఉండె. మీ యక్క వద్దన్నదని అందామనుకున్న. బామ్మర్దితోటి ఎందుకు పంచాది అనుకున్న అని అందామనుకున్న. రెండూ నిజమే. రెండిట్ల ఏదీ జవాబు కాదని నాకే ఎరుకయింది. నర్సు వచ్చి నన్ను లేవమన్నది, కట్టు మార్చాలట.

మాస్టర్‌కు ఇదంత చెప్పిన. పుట్టీ పంపింది నేనే, నేర్పింది నేనే, అనుమానం ఉండి ఊకున్నది నేనే అని చెప్పిన. నిపుణునికి గూడ అదే రాసి ఇచ్చిన, మీ యక్క జర్మన్ దిద్దింది. పుట్టీ బల్ల కాడికి మళ్ళ పిలుస్తడో పిలువడో మాస్టర్ చెప్పలే. అడగలే నేను.

నీ నాలుగు ఉత్తరాలు మసూద్ కాడ ఇడిసిపెట్టి వచ్చిన. లాయర్ వాటిని జర్మన్ చేయిస్తడట. నా ఉత్తరాలు ఐదు నీ కాడ ఉన్నయి. అవి గూడ ఇనాలె అన్నడు మసూద్. లాయర్ చదివేది మళ్ళ సంగతి, ముందు తెలుగుల ఇంట అన్నడు, ఎవరికి వచ్చినయో ఆయన నోటితోటి. నేను చెప్పినదాంట్ల ఎంత నిజమో చూసుకుంటడట. నన్ను గూడ నమ్మలే ఆయన. నమ్మనక్కరలేదు.

రెండో అంతస్తు, ఎడమ దిక్కు ఆఖరు గది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాక లోపలికి పోనిస్తరు. కిటికీ పక్క మంచం ఆయనది. జవేరియా గూడ ఉంటది, ఆగాగి చదువు, ఆయన ఆమెకు చెప్పాలె గద. నేను ఏడ తప్పు రాసిననో, ఏడ ఎక్కువ మాట్లాడిననో, ఆడ దాటెయ్యకు. నీవి నేను ఒక్క ముక్క ఇడిసిపెట్టకుండ చదివిన. నావి నువ్వు అట్లనే చదువు.

లింగమూర్తి